రానని సెప్మంది

మా వైపు ఇప్పటికీ రంగూన్‌ని రంగం అనే అంటారు. 2018 మే నెలలో, పది నెలల పని మీద యాంగోన్ వెళ్తున్నానని చెప్పడానికి సోంపేట దగ్గర మా పుట్టింటికి వెళ్ళాను. యాంగోన్ అంటే మా నాయినమ్మకి అర్థం కాలేదు. బర్మా అన్నా పెద్దగా పట్టించుకోలేదు. రంగం అన్నాక మాత్రం చేటలో బియ్యం ఏరుతున్నదల్లా తలెత్తి చూసింది. "రంగమా? ఆడకూతురివి, రంగమెల్లి నువ్వేటి సేస్తావే? గుంటనొగ్గేసి ఎలాగెల్తావు?" అంది. కాసేపటికి మళ్ళీ బియ్యంలోకి చూస్తూ, "మా మేనత్తా అలాగే ఎల్లింది. మరి రాలేదు" అంది.

ఆ మేనత్త సంగతి మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. నాకు తెలిసిందంతా ముక్కలు ముక్కలుగా, ఎక్కువగా వంటింట్లో, మగవాళ్ళు లేనప్పుడు తెలిసింది. పెళ్ళయిన రెండేళ్ళకి ఆమె మొగుడు మేస్త్రి దగ్గర బయానా పుచ్చుకుని రంగం వెళ్ళిపోయాడు. ఉత్తరం ముక్క లేదు. 1930ల మొదట్లో ఎప్పుడో, ఊరివాళ్ళ గుంపుతో కలిసి ఈమె కూడా బారువలో ఓడెక్కింది. అతన్ని వెతికి పట్టుకుంది కూడా. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, వేలమందితో పాటు అతను అరకాన్ కొండలు దాటి, నడిచి, ఎముకల గూడులా ఇల్లు చేరాడు. ఆమె చచ్చిపోయిందని చెప్పాడు. దినాలు చేశారు. ఏడాది తిరక్కుండా అతనికి మరో పెళ్ళి చేశారు.

1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 నాటికి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసేసరికి మనవాళ్ళు మళ్ళీ ఓడలెక్కారు. అలా తిరిగొచ్చిన ఒకాయన మా ఊరు వెతుక్కుంటూ వచ్చి, ఆమె బతికే ఉందని, నలుగురికి అన్నం వండిపెట్టే హోటలు నడుపుకుంటోందని చెప్పాడు. ఊరెళ్తున్నాను, వస్తావా అని అడిగాట్ట. "రానని సెప్మంది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మా నాయినమ్మ గుమ్మం వెనక నిలబడి వింది. అప్పటికి ఆమెకి ముప్ఫై లోపే. చచ్చిందని విన్నప్పుడు ఏడ్చినవాళ్ళెవరూ బతికుందని విన్నప్పుడు నోరు మెదపలేదట. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆమె పేరు పలకడం మానేశారు. నాక్కూడా ఆమె పేరు తెలియదు. నాయినమ్మని అడిగితే "రంగమత్త" అంటుంది.

నా పరిశోధన ఉత్తరాంధ్ర కథల్లో స్త్రీల మాటతీరు మీద. ఎన్నో మధ్యాహ్నాలు శ్రీకాకుళంలో కథానిలయం బల్లల దగ్గర పాత పత్రికలు తిరగేస్తూ గడిపాను. వలస వెళ్ళిన మగవాడి కథలు తగిలాయి, ఎదురు చూసే ఇల్లాలి కథలు తగిలాయి. 'రంగూన్ రౌడీ' నాటకంగా ఆడింది, 1979లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. రంగూన్‌లో అన్నం వండిన మనిషి మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. అలాంటి మనిషిని చూడాలంటే మళ్ళీ మా విజయనగరానికే, 'కన్యాశుల్కం'లోని పూటకూళ్ళమ్మ దగ్గరికే రావాలి. గిరీశం తిన్నది ఆమె అన్నం, ఖర్చుపెట్టింది ఆమె డబ్బు. ఆమెని తల్చుకుంటే మనకి గుర్తొచ్చేది ఆమె చేతిలోని చీపురు. ఆమెకీ పేరు లేదు, వృత్తే పేరు. తరగతిలో ఆ నాటకం చెప్పినప్పుడల్లా ఆ మాట అంటాను. పిల్లలు పుస్తకంలో రాసుకుంటారు, పరీక్షలో రాయరు.

యాంగోన్‌లో నా పని, అక్కడ మిగిలిన తెలుగు కుటుంబాల పెద్దవాళ్ళతో మాట్లాడి వాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసి, విని, తెలుగులో రాయడం. ఆదివారాలు పిల్లలకి అక్షరాలు చెప్పాలి. ఎంపికప్పుడు నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న "మీవారు ఒప్పుకున్నారా?" అని. నాతో ఇంటర్వ్యూకి వచ్చిన మగ సహోద్యోగిని ఆవిడెవరో ఒప్పుకుందా అని అడగలేదని తర్వాత కనుక్కున్నాను. నా ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టాను. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. విజయనగరంలో మా అత్తగారి దగ్గర ఉంచాను. ఈ వాక్యం ఇంత తేలిగ్గా రాసేశాను గానీ, ఈ వ్యాసం మొత్తంలో బరువైన వాక్యం అదే.

కోల్‌కతా నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మా అత్తవారింటి నుంచి హైదరాబాదు రైల్లో వెళ్ళడానికి పట్టే కాలంలో ఇది చిన్న ముక్క. గడియారం ఒక్క గంట ముందుకి తిప్పుకుంటే చాలు. అదే బంగాళాఖాతం, అదే వాన, అదే ఉక్క. పరాయి దేశం అంటే చలి, మంచు అనుకుని తెచ్చుకున్న శాలువా పది నెలలూ పెట్టె అడుగునే ఉంది.

ఊరి నడిబొడ్డున, పేరు లేకుండా అంకెలతో పిలిచే సన్నటి వీధుల్లో ఒకదానిలో, అయిదో అంతస్తులో గది. లిఫ్టు లేదు. మెట్లు నిచ్చెనలాగా నిట్టనిలువుగా ఉంటాయి. అడుగడుగునా కిళ్ళీ ఉమ్మిన ఎర్ర మరకలు. ప్రతి అంతస్తు బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. తాడు చివర క్లిప్పు, పైన చిన్న గంట. పేపరబ్బాయి పేపరు క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, మనం చేదలాగా లాక్కోవాలి. మొదటి వారంలో నేను కొనుక్కున్న వస్తువుల్లో బకెట్టు, బియ్యం కుక్కరు, ఆ తర్వాత ఆ తాడు. తాడు కట్టిన రోజు నాకు ఆ వీధిలో ఒక చిరునామా ఏర్పడిందనిపించింది. కింద అంతస్తులో ఉండే ఆవిడ, బడి పంతులమ్మగా చేసి రిటైరయిన మనిషి, ముడి ఎలా వెయ్యాలో చూపించింది. ఆవిడని అక్కడి పద్ధతిలో 'అమా' అనేదాన్ని. బర్మీస్‌లో అమా అంటే అక్క. మా పాప ఫోన్లో విని, "నువ్వెవర్ని అమ్మా అంటున్నావు?" అని గట్టిగా నిలదీసింది.

మెట్ల మీద ఎదురుపడితే వాళ్ళు కూడా మనలాగే అన్నం తిన్నావా అనే పలకరిస్తారు. కొన్నాళ్ళు నేను నిజంగానే ఏం తిన్నానో జవాబు చెప్పేదాన్ని. అది కుశలప్రశ్నే గానీ ప్రశ్న కాదని తెలిసేసరికి నెల పట్టింది. పొద్దున్నే వీధిలోనే బజారు. తట్టల్లో గోంగూర కట్టలు చూసి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు దాన్ని చిన్‌బౌంగ్ అంటారు. వెదురు మొలకలు, ఎండు రొయ్యలు వేసి వేయిస్తారు. మా ఉద్దానంలో ఎండు రొయ్యలతో గోంగూర వండని ఇల్లుందా? ఈ కూర ఇటునుంచి అటు వెళ్ళిందా, అటునుంచి ఇటు వచ్చిందా అని కొన్నాళ్ళు బుర్ర పాడుచేసుకుని, రెండు వైపులా పేదవాళ్ళకి సముద్రమూ పుల్లటి ఆకూ దొరికాయి, అంతే అని ఊరుకున్నాను. చేపల ముద్ద ఙపీ వాసన మాత్రం ఆఖరి దాకా నాకు అలవాటు కాలేదు.

అలవాటయిందల్లా వీధిలో కూర్చుని తినడం. పొద్దున ఏడింటికి మూలమీద చిన్న ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద కూర్చుని, చేపల పులుసులో బియ్యం సేమ్యా వేసిన మొహింగా ఒక గిన్నె తిని, టీ తాగి, పేపరు చూసేదాన్ని. పక్కన ఆడవాళ్ళు ఒంటరిగా కూర్చుని తింటూ ఉండేవాళ్ళు. ఎవరూ ఎవరినీ చూడరు. విజయనగరంలో చదివాను, పెళ్ళయి అక్కడే ఉన్నాను, అక్కడే పాఠాలు చెప్తున్నాను. గంటస్తంభం దగ్గర టీకొట్టు ముందు నిలబడి ఒక్కసారైనా టీ తాగానా? ఎవరూ వద్దనలేదు. ఎవరూ వద్దననక్కర్లేని పద్ధతిలో పెరిగాం.

ఇదంతా చదివి బర్మా ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఎక్కువ అనుకోకండి. వలస పాలకులు కూడా ఆ మాట తెగ రాశారు. పెళ్ళయినా అక్కడి స్త్రీ పేరు మారదు, ఇంటిపేరంటూ ఉండదు, బజారు లెక్కలన్నీ ఆమె చేతిలోనే. కానీ ష్వేడగాన్ పగోడా పై అరుగు మీదికి ఆడవాళ్ళని ఎక్కనివ్వరు. మగవాడిలో 'పోన్' అని ఒక మహిమ ఉంటుందిట (టెలిఫోన్ కాదు), ఆడవాళ్ళ నడుం కింది బట్ట కింద నుంచి నడిస్తే అది పోతుంది. నేను వచ్చిన రెండో వారంలో బాల్కనీ బయటికి తీగ కట్టి లంగాలు ఆరేశాను. అమా పరుగెత్తుకుంటూ పైకొచ్చి, ఏమీ మాట్లాడకుండా వాటిని తీసి లోపల, కిటికీ కంటే కిందికి ఆరేసింది. మా అమ్మా పెరట్లో తువ్వాలు చాటున ఆరేస్తుంది కదా, నాకు బోధపడటానికి అనువాదం అక్కర్లేకపోయింది. 2021 ఫిబ్రవరి 1న మళ్ళీ సైనికులు అధికారం లాక్కున్నారు. మార్చిలో అక్కడి ఆడవాళ్ళు తమ థమైన్లు, అంటే కట్టుబట్టలు, వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి ఆరేశారు. వాటి కింద నుంచి నడవడానికి జంకి సైనికులు ఆగి, తాళ్ళు దించే పని పెట్టుకున్నారు. ఆ ఫోటోలు విజయనగరంలో ఫోన్లో చూస్తూ అమా వీధి ఉందేమోనని వెతికాను. అన్ని వీధులూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ ఏప్రిల్ తర్వాత ఆవిడ నుంచి జవాబు లేదు.

మళ్ళీ 2018కి వస్తాను. పగలు పెద్దవాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. సిటీ బస్సుకి 200 చాట్లు, మన పది రూపాయలు. వాళ్ళ తెలుగులో బారువ, టెక్కలి, భీమిలి అలాగే నిలబడి ఉండేవి, నేను మర్చిపోయిన మా నాయినమ్మ మాటలు వాళ్ళ నోట వినపడేవి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ జనంలో సగానికి పైగా మనవాళ్ళే. వాళ్ళలో తెలుగువాళ్ళు ఓడరేవు మీద, బియ్యం మిల్లుల్లో పనిచేసే కూలీలు. 1930 మేలో ఈ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పనిలోకి దించారు, సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నారు. పేదవాళ్ళ మధ్య పెట్టిన ఆ చిచ్చు రంగూన్ వీధుల్లో నెత్తురై పారింది. ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే రాశాడు. బయానా ఎంత, మేస్త్రి వాటా ఎంత, ఒక్కో గదిలో ఎంతమందిని కుక్కారు అన్నీ లెక్కలకెక్కాయి. నేను ఈ చరిత్ర చదువుతూ ఉన్నంతసేపూ, కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం పోసుకుంటూ, ఒకటే అనుకునేదాన్ని: ఇన్ని వేల మంది మగవాళ్ళకి రెండు పూటలా వండిందెవరు?

ముఠాలో ఒకడు వంతు వేసుకుని వండేవాడని కొందరన్నారు. అన్నం హోటళ్ళు ఉండేవన్నారు. తొంభైకి దగ్గరపడిన ఒకావిడ మాత్రం నవ్వి, "ఆడది తక్కువగా ఉన్న ఊళ్ళో, ఉన్న ఆడదే వండాల. డబ్బు పుచ్చుకుని వండితే ఆ ఆడది మంచిది కాదంటారు. ఊరికే వండితే పెళ్ళాం అంటారు" అంది. రికార్డరు ఆపేసి ఆ వాక్యాన్ని మళ్ళీ చేత్తో రాసుకున్నాను. రంగమత్త గురించి అడిగాను కూడా. ఊరు చెప్పగలను, పేరు చెప్పలేను. పేరు లేని మనిషిని ఎవరు గుర్తుపడతారు?

మూడో నెల దాటాక నేను కుదుటపడ్డాను. కుదుటపడటం అంటే ఏమిటో ఇక్కడ దాచకుండా చెప్పాలి. పొద్దున లేవగానే ఎవరి లంచ్ బాక్సూ నా తలలో లేదు. ఏం వండాలన్న ఆలోచన నా మెదడులో ఎంత చోటు ఆక్రమించిందో అది ఖాళీ అయ్యాక తెలిసింది. రాత్రి పదింటికి ఆకలి లేకపోతే తినకుండా పడుకునేదాన్ని. పదేళ్ళుగా పూర్తి కాని పుస్తకాలు పూర్తయ్యాయి. నాకు ఇల్లు గుర్తు రావడం లేదని గుర్తొచ్చి భయం వేసేది. మొదట్లో రోజూ వీడియోలో ఏడ్చిన పాప, తర్వాత్తర్వాత "అమ్మా, నీకు అప్పుడే ఎనిమిదయిందా? అయితే నాకెప్పుడూ నువ్వు ముందే ఉంటావు" అని లెక్కలు చెప్పి ఫోను నాన్నమ్మకి ఇచ్చి ఆటకి వెళ్ళిపోయేది. దానికీ అలవాటయింది. అదే కదా నేను కోరుకున్నది? అయినా ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి. ఉద్దానం అంటే ఉద్యానవనమే కదా, ఆ తోటంతా ఒక్క పూటలో పడిపోయింది. అయిదు రోజులు అమ్మ ఫోను మోగలేదు. యాంగోన్‌లో ఆ వారం మంచి ఎండ కాసింది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని టీ తాగుతూ ఫోన్లో కూలిన కొబ్బరిచెట్ల ఫోటోలు పెద్దవి చేసుకుని, మా దిబ్బ కనిపిస్తుందేమోనని చూసేదాన్ని. ఆరో రోజు విశాఖ నుంచి బండి మీద వెళ్ళిన తమ్ముడు ఫోను చేశాడు. అందరూ ఉన్నారు. పెంకులు లేచిపోయాయి. నలభై కొబ్బరిచెట్లలో నాలుగు నిలబడ్డాయి, జీడితోట లేదు. నాయినమ్మ పడిపోయిన చెట్ల మధ్య కూర్చుని లెక్కపెడుతోంది. వెనక నుంచి ఎవరో చుట్టం గొంతు: "దాన్నడుగు, వస్తదా లేదా అని."

"ఇప్పుడు రాలేనని చెప్పు" అన్నాను.

ఫోను పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. వెళ్ళడానికి అడ్డమేముంది? టికెట్టు డబ్బులున్నాయి. పదిహేను రోజులు సెలవడిగితే ఇస్తారు. నేను వెళ్ళి పెంకులు నెయ్యను. కానీ వెళ్ళొచ్చు. వెళితే మళ్ళీ తిరిగి రానివ్వరేమో అని భయపడ్డాను. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరు, పాప ముఖం చూశాక నేనే ఆగిపోతాను. నాకు రావాలని లేదు. అయినా నేను రానని అనలేదు, రాలేనన్నాను. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా దీని మీదే రాశాను: మన కథల్లో స్త్రీలు 'చెయ్యను' అన్నచోట 'చెయ్యలేను' అంటారని, ఇష్టాన్ని అశక్తతగా మార్చి చెప్తేనే వాళ్ళ మాట చెల్లుతుందని, వందకి పైగా ఉదాహరణలు చూపించాను. డాక్టరేటు వచ్చింది. ఆ అధ్యాయంలో నేను లేననుకున్నాను.

రంగమత్త రాలేనని చెప్పమనలేదు, రానని చెప్పమంది. మా పెద్దల నోళ్ళు మూయించింది ఆ 'లే' లేకపోవడమేనేమో. రాలేనంటే పాపం అనేవాళ్ళు, పేరు కూడా మిగిలేది. అయితే నాలో ఉన్న పరిశోధకురాలు ఇంకొకటి కూడా అడుగుతుంది. ఆమె మాట మనకి ఎలా చేరింది? మొగుడు చచ్చిందన్నాడు, దారిన పోయే ఆయన రానందన్నాడు. ఇద్దరూ మగవాళ్ళే. ఆమె నిజంగా రాలేనని అంటే ఆయన ఒక అక్షరం మింగేశాడేమో. ఓడ టికెట్టుకి డబ్బు లేదేమో, వదలలేని బిడ్డలున్నారేమో, వచ్చి సవతి ఇంట్లో ఏ మూల ఉండాలని అడిగిందేమో. నాకు ఆమె గర్వంగా రానని అన్నట్టు వినడం ఇష్టం. ఇష్టం కాబట్టే అనుమానం.

ఇంకోటి కూడా ఉంది, రాయకుండా ఉందామనుకున్నాను. రంగం వెళ్ళిన ప్రతి మగవాడి వెనక ఊళ్ళో ఒక ఆడది ఇల్లు మోసింది. నేను రంగం వెళితే నా ఇల్లూ ఒక ఆడదే మోసింది. అరవై నాలుగేళ్ళ మా అత్తగారు, మోకాళ్ళ నొప్పులతో, పొద్దున అయిదింటికి లేచి నా కూతురికి జడలు వేసి బడికి పంపింది. మా ఆయన మంచివాడు, సాయం చేశాడు. సాయం అనే మాటలోనే ఉంది సంగతంతా. నా ముక్కాలిపీట, నా టీ, నా పేపరు ఆవిడ మోకాళ్ళ మీద నిలబడ్డాయి. స్త్రీవాద సభల్లో మనం ఈ మాట అనుకుంటాం, ఒప్పుకుంటాం, భోజనాలకి లేస్తాం. ఆ భోజనాలు వండిందెవరో కూడా కనుక్కోం.

2019 మార్చి ఆఖర్న తిరిగొచ్చాను. వస్తూ తాడు విప్పి అమాకి ఇచ్చేశాను. పాప రెండు రోజులు నన్ను మీరు అంది. నాయినమ్మకి గోంగూర సంగతి చెప్తే, "అక్కడా పుల్లగుంటదేటి?" అని మాత్రం అడిగింది, రంగమత్త కబురు తెలిసిందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పడానికేముంది? ఆ ఏడాది నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. అవి చూడకుండానే ఆమె 2022లో వెళ్ళిపోయింది.

అత్తగారు పది రోజుల దాకా నన్ను ఏమీ అడగలేదు. ఒక రాత్రి అందరూ తిన్నాక, ఇద్దరం వంటింట్లో కూర్చుని తింటుంటే, "అక్కడ నీకు వంటెవలు సేసేవోరు?" అంది.

"నేనేనండీ."

"నీ ఒక్కదానికే?"

"ఒక్కదానికే."

గిన్నెలో మిగిలిన చారు నా కంచంలో వంపేసింది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "ఒక్కదానికే వండాలంటే బియ్యం ఎన్ని పొయ్యాలో నాకు తెల్దు" అంది.